గాజుగదిలో గొంతు

సైరాకన్ గాజు మీద నోటితో ఆవిరి ఊది పాత పత్రిక ముక్కతో తుడుస్తోంది. లోపలివైపు తుడవడం తేలికే. బయటివైపు తుడవాలంటే బాల్కనీలోకి వెళ్ళి కుర్చీ ఎక్కాలి. మోకాళ్ళు ఒప్పుకోక ఆ పని ఎప్పుడో మానేసింది. అందువల్ల కింద హాల్లో కూర్చునే సభ్యులంతా ఆమెకు ఎండాకాలంలో కూడా కాస్త మంచు పట్టినట్టే కనిపిస్తారు.

అది ఒకప్పుడు సినిమా యంత్రం ఉండిన గది. ఊరి సభ, అంటే మా నగర కెనెష్, ఈ పాత సాంస్కృతిక భవనంలోకి మారినప్పుడు యంత్రాన్ని తీసేశారు. గోడలో ఉన్న కన్నాన్ని పెద్దది చేసి, గాజు బిగించి, ఒక బల్లా మైకూ పెట్టి, తలుపు మీద ‘అనువాదం’ అని రెండు భాషల్లో రాయించారు. కిర్గిజ్ అక్షరాల మీద రంగు ఒకసారి మళ్ళీ వేశారు. రష్యన్ అక్షరాలు వెలిసిపోయి, తెలిసినవాళ్ళు మాత్రమే చదవగలిగేలా మిగిలాయి.

ఆమె బూట్లు విప్పి, ఉన్ని మేజోళ్ళతో పాదాలు హీటరుకు దగ్గరగా చాపుకుంది. ఫ్లాస్కులోంచి పాలూ ఉప్పూ వేసిన టీ పోసుకుని, మింగకుండా కాసేపు నోట్లో నిలిపింది. పొట్టి మనిషి. వెడల్పాటి దవడలు, నెరిసిన జడను చుట్టి ముడేసిన తల, పెద్ద చేతులు. అనువాదం చేస్తున్నప్పుడు ఆ చేతులు ఊరుకోవు. కింద ఎవరైనా కోపంగా మాట్లాడితే ఆమె పిడికిలి బిగుసుకుంటుంది, బతిమాలితే అరచేయి తెరుచుకుంటుంది. గాజు వెనక ఎవరూ చూడరు గనుక ఆ సంగతి ఆమెకే తెలియదు.

తలుపు తట్టి అధ్యక్షుడు తలాంత్‌బెక్ లోపలికి తొంగిచూశాడు. కొత్త సూటు వేసుకున్నాడు, మొహం ఇబ్బందిగా ఉంది.

“ఎజే,” అన్నాడు, పెద్దక్కను పిలిచినట్టు. “టీ తాగుతున్నారా? తాగండి, తాగండి. ఒక మాట చెప్పి పోదామని.”

“లోపలికి రా బాబూ. చలి వస్తోంది.”

“ఇవాళ చివరి అంశం చూశారుగా? తప్పుగా అనుకోకండి. నాకేం ఇష్టం కాదు. వినేవాళ్ళెవరు చెప్పండి? అందరికీ రెండు భాషలూ వచ్చు. ఆ గెన్నాది ముసలాయన ఒక్కడే చెవులకి తగిలించుకుని కూర్చుంటాడు.”

“ఒక్కడైతే మనిషి కాదా?”

“మనిషేలెండి.” తలాంత్‌బెక్ తల గోక్కున్నాడు. “మా అమ్మ కూడా ఇదే అంది. నిన్న రాత్రి అన్నం పెట్టకుండా తిట్టింది, సైరాకన్ పొట్ట కొడతావా అని.”

“మరి అన్నం తిన్నావా?”

“తిన్నాను. తిట్లతో పాటు.”

ఆమె నవ్వింది. అతను తేలికపడి వెళ్ళిపోయాడు. తలుపు మూసుకున్నాక ఆమె నవ్వు కొంచెం సేపు మొహం మీద అలాగే ఉండి, మెల్లగా దిగిపోయింది.

మొదటిసారి ఆమె ఈ కుర్చీలో కూర్చున్నప్పుడు ఇంకా సోవియట్ కాలమే. కొండ పల్లెలో పిల్లలకి రష్యన్ నేర్పే పంతులమ్మ. కిర్గిజ్‌ను రాజ్యభాష చేస్తూ చట్టం వచ్చింది, ఊరి సభకు అనువాదకులు కావాలన్నారు, ఆమె వచ్చింది. అంతకు ముందు సభలో చర్చ అనేదే ఉండేది కాదట. పాలు పితికే స్త్రీలు, కుట్టుపని వాళ్ళు, ఇంజనీర్లు జాబితా ప్రకారం వచ్చి కూర్చునేవారు. పైనుంచి వచ్చిన తీర్మానం చదవగానే చేతులన్నీ ఒక్కసారిగా లేచి ఒక్కసారిగా దిగేవి. ఆమె మొదటి రోజున ఒక ముసలి గొర్రెల కాపరి లేచి, ఆ హాల్లో మొట్టమొదటిసారిగా కిర్గిజ్‌లో మాట్లాడాడు. మేత భూమి గురించి. సగం సభ ఏమీ అర్థంకాక వెనక్కి తిరిగి గాజు వైపు చూసింది. ఆమె మైకు నొక్కింది. “నేను చదువురానివాణ్ణి,” అని మొదలుపెట్టింది కాపరి మాటల్ని. ఆ గదిలో ఆమె పలికిన మొదటి వాక్యం అదే.

ఆ తర్వాత ఎన్నో ‘నేను’లు. నేను లంచం తీసుకోలేదు. నేను రాజీనామా చేస్తున్నాను. నేను మా వీధికి నీళ్ళు అడుగుతున్నాను, మీ అయ్య ఆస్తి కాదు. కరువు రోజుల్లో కరెంటు లేక కోట్లు వేసుకుని సభ జరిపారు. మాట్లాడేవాడి నోటి ముందు ఆవిరి తప్ప మొహం కనిపించేది కాదు. ఆమె కొవ్వొత్తి వెలుగులో, పనిచెయ్యని మైకు పక్కన పెట్టి, బాల్కనీ అంచున నిలబడి అరిచి చెప్పింది. దేశాధ్యక్షుడు పారిపోయిన ఏడాది కెనెష్‌ను రద్దు చేశారు. ఎన్నికలయ్యాక కొత్తవాళ్ళొచ్చారు. మొహాలు మారాయి, ఆమె మారలేదు. ఇంటికి వెళ్ళాక మాత్రం మాటలుండేవి కావు. భర్త బ్రతికున్న రోజుల్లో బస్సు దిగొచ్చి తాగి కేకలేస్తే, జవాబు చెప్పడానికి బదులు ఆ కేకల్ని మనసులో రష్యన్‌లోకి మారుస్తూ కూర్చునేది. “మా అత్తకి మాటలు డబ్బులిస్తేనే వస్తాయి,” అని కోడలు వేళాకోళం చేస్తుంది. నిజమే. తన ‘నేను’ ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ వినలేదు.

మొదట్లో హెడ్‌ఫోన్లు చాలక సభ్యులు పోట్లాడుకునేవారు. తర్వాత ఊళ్ళో స్థిరపడిన జర్మన్ కుటుంబాలు జర్మనీకి వెళ్ళిపోయాయి, రష్యన్లు ఒక్కొక్కరే ఇళ్ళు అమ్ముకున్నారు, హెడ్‌ఫోన్లు పెట్టెలోకి తిరిగి చేరాయి. మిగిలింది గెన్నాది స్తెపనోవిచ్. పశువుల డాక్టరుగా పనిచేసి మానుకున్న మనిషి. ఏటి పక్కన నీలం కిటికీల చెక్క ఇళ్ళ వీధుల్లో ఆయన చెయ్యిపడని ఆవు లేదు. అందుకే ఏ పార్టీ వాళ్ళయినా తమ జాబితాలో ఆయన పేరు పెట్టుకుంటారు. భార్య లిదా పోయాక ఒంటరిగా ఉంటాడు. మూడో వరసలో కిటికీ పక్కన కూర్చుని, ఎర్రటి పెద్ద చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, అరచేత్తో అదుముకుని వింటాడు.

సభ మొదలైంది. ఆ రోజు అసలు గొడవ ఊరి స్నానశాల గురించి. ఏటి ఒడ్డున ఉన్న ఆ పాత ఇటుకల కట్టడాన్ని కూల్చి, స్థలాన్ని హోటలుకు ఇవ్వాలని ప్రతిపాదన. గెన్నాది లేచాడు.

“మా వీధుల్లో ఇళ్ళకి నీళ్ళ గొట్టాలు లేవు,” అన్నాడు. “బిందెల్తో మోసుకుంటారు. వారానికొకసారి ముసలాళ్ళు అక్కడికెళ్ళి ఒళ్ళు వెచ్చబెట్టుకుంటారు. అక్కడే ఎవరు చచ్చారో ఎవరు బతికారో తెలుస్తుంది. హోటలు కట్టండి, వద్దనను. ముందు మాకు గొట్టాలు వేసి కట్టండి.”

సైరాకన్ ఆ మాటల్ని కిర్గిజ్‌లో చెప్పింది, ఎవరూ తగిలించుకోని హెడ్‌ఫోన్లలోకి.

తర్వాత ఎర్మెక్ లేచాడు. సరస్సు ఒడ్డున అతిథి గృహాలు నడిపే కుర్ర సభ్యుడు, నోరు పదును. కిర్గిజ్‌లోనే, పెద్దల్ని పిలిచే ‘అక్సకాల్’ అనే మాటతో మొదలుపెట్టాడు. “అక్సకాల్ గారికి స్నానం బెంగెందుకండీ? రేపో మాపో మనమే కదా ఆయనకి చేయించేది!”

నాలుగు పక్కల నవ్వులు లేచాయి. సైరాకన్ నోరు తెరిచి ఆగింది. ఇన్నేళ్ళలో ఆమె తిట్లు చెప్పింది, శాపాలు చెప్పింది. ఈ మాట ఆ తెల్ల తలకు ఎలా చెప్పడం? మొహమాటంగా కిందికి చూసింది. అప్పుడు కనబడింది. గెన్నాది భుజాలు కదులుతున్నాయి. ఆయన నవ్వుతున్నాడు.

ఆమె ఇంకా ఏమీ చెప్పలేదు.

గబగబా చెప్పేసింది, ఒక్క ముక్క తగ్గించకుండా. ఆయన వినడం పూర్తయ్యేదాకా మర్యాదగా తలూపి, లేచి రష్యన్‌లో అన్నాడు. “చేయించు నాయనా, నీ చేత్తో అయితే ఇంకా మంచిది. వేన్నీళ్ళు మాత్రం ఉంచు. చన్నీళ్ళు పోస్తే లేచి కూర్చుంటాను.”

అనువాదం కోసం ఎవరూ ఆగలేదు. హాలంతా పడీపడీ నవ్వింది. ఎర్మెక్ కూడా నవ్వి, చెయ్యి గుండె మీద పెట్టుకుని తల వంచాడు. ఆ నవ్వులో వోటు పెట్టడం కుదరదని తలాంత్‌బెక్ విరామం ప్రకటించాడు.

మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. గెన్నాది అంతకుముందు ఎప్పుడూ పైకి రాలేదు. తలుపు తీసి, చౌకట్టు పట్టుకుని, ఊపిరి తీసుకుంటూ నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

“కూర్చోండి,” అని ఆమె కుర్చీ జరిపింది. “మీరు ముందే నవ్వారు.”

“దొరికిపోయాను.”

“ఎప్పటినుంచి వచ్చు మీకు కిర్గిజ్?”

“ఊహ తెలిసినప్పటినుంచి. మా అమ్మ మిల్లుకి పోతే నన్ను పక్కింటి బామ్మ పెంచింది. ఆవిడకి రష్యన్ రాదు. ఆవులు కూడా నాతో కిర్గిజ్‌లోనే చెప్పుకునేవి.”

సైరాకన్ నవ్వలేదు. ఆమె మెడ ఎర్రబడింది. “అయితే ఇన్నాళ్ళూ నామీద జాలిపడి చెవులకి తగిలించుకున్నారన్నమాట. నా జీతం కోసం.”

“జాలా? నేనా?” ఆయన ఆశ్చర్యంగా చూశాడు. తర్వాత నేల వైపు చూస్తూ నెమ్మదిగా అన్నాడు. “లిదా పోయాక ఇంట్లో మా భాష మాట్లాడేది రేడియో ఒక్కటే, సైరాకన్. దానికి నేనున్నానో లేదో అక్కర్లేదు. మీరు నాతోనే మాట్లాడతారు. ఇంకెవరూ వినరుగా. సభ ఎప్పుడొస్తుందా అని చూస్తాను. మీ నోట్లో పడితే ఆ ఎర్మెక్ కూడా పెద్దమనిషిలా ఉంటాడు.”

ఆమెకు మార్చి చెప్పడానికి ఎదురుగా ఎవరి మాటలూ లేవు. ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చింది. ఆయన రెండు చేతులతో అందుకుని తాగాడు.

“నాకు కూడా,” అంది చివరికి. ఆగి, మళ్ళీ అంది. “నేను కూడా మీ కుర్చీ చూసే మాట్లాడతాను.”

గంట మోగింది. గెన్నాది లేచాడు. “చివరి అంశం మీ గురించే కదా. నేను మాట్లాడతాను. ఈసారి కిర్గిజ్‌లోనే దులిపేస్తాను వాళ్ళని.”

“మీరు కిర్గిజ్‌లో మాట్లాడితే నా ఉద్యోగం ఆ క్షణమే పోతుంది.”

ఆయన ఒక్క క్షణం ఆలోచించి పకపకా నవ్వాడు. “అదీ నిజమే. అయితే రష్యన్‌లోనే తిడతాను.” మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగివెళ్ళాడు.

విరామం తర్వాత సభ్యులు ఒకరొకరే చేరారు. స్నానశాల మీద వోటుకు తగినంతమంది ఇంకా రాలేదు. వాళ్ళొచ్చేలోగా చిన్న అంశం ముగిద్దామని తలాంత్‌బెక్ చివరి కాగితం పైకి తీశాడు. మూడో వరసలో కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ముసలాయన మెల్లగా వస్తాడులే అనుకుని సైరాకన్ మైకు నొక్కింది. వినేవాడు హాల్లో ఉన్నా లేకున్నా చెప్పడం ఆమె పని.

“నేను ప్రతిపాదిస్తున్నాను,” అంది రష్యన్‌లో, తలాంత్‌బెక్ గొంతులోని మొహమాటాన్ని కూడా వదలకుండా. “అనువాద సేవను వచ్చే నెల నుంచి నిలిపివేయాలి. దీన్ని ఉపయోగించుకునేవారు ప్రస్తుతం ఒక్కరే ఉన్నారని గమనించాను...”

వెనక తలుపు తెరుచుకుంది. కోట్లు భద్రపరిచే చినారా గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో గెన్నాది టోపీ.

“ఎజే,” అంది. “ఇక చాలు. ఆపండి.”

సైరాకన్ మైకు నొక్కిన వేలు తియ్యలేదు.

“కోటు అడగలేదు. కాస్త కూర్చుంటానన్నాడు, నా బెంచీ మీద. నిద్రపోతున్నాడనుకున్నా. వోటు టైమైంది లే అక్సకాల్ అని చెయ్యి పట్టుకుంటే...” చినారా టోపీని గుండెలకు అదుముకుంది. “మంచివాడే ఎజే. అరిచి కూడా ఎవర్నీ ఇబ్బంది పెట్టలేదు.”

కింద ఎవరో తలాంత్‌బెక్ చెవిలో ఏదో చెప్పారు. అతను కాగితం కింద పెట్టాడు. హాలు లేచి నిలబడింది. అందరికంటే ముందు లేచింది ఎర్మెక్. మౌనానికి అనువాదం అక్కర్లేదు. ఆమె వేలు తీసింది. మైకు మీది ఎర్రదీపం ఆరిపోయింది.

స్నానశాల సంగతి వాయిదా పడింది. గొట్టాలు వేశాకే కూల్చాలని తర్వాతి సమావేశంలో ఎర్మెక్ తనే సవరణ పెట్టాడని చెప్పుకుంటారు. అనువాదం మాత్రం ఆగిపోయింది. వోటు లేకుండానే. వినడానికి ఎవరూ మిగల్లేదు గనుక.

ఆ సాయంకాలం అంతా వెళ్ళాక సైరాకన్ బూట్లు తొడుక్కుని కిందికి దిగింది. హాల్లో కుర్చీల మధ్య నడవడం ఆమెకు కొత్తగా ఉంది. పైనుంచి చిన్నగా కనిపించే వరసలు ఇక్కడ ఇంత ఎడంగా ఉంటాయని ఆమెకు తెలియదు. మూడో వరసలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని గాజుగది వైపు చూసింది. అందులోని మనిషి ఇక్కడికి అసలు కనిపించదు. బయటివైపు దుమ్ము అంత మందంగా ఉంది.

“గెన్నాది స్తెపనోవిచ్,” అంది రష్యన్‌లో. ఇంకా ఏదో అనబోయింది. తన సొంత మాట కావడంతో అది వెంటనే రాలేదు. వచ్చేదాకా కూర్చుంది. “నేను మిమ్మల్ని గాజు తుడిచి చూసుండాల్సింది,” అంది చివరికి.

లేవబోతుంటే కుర్చీ కింద కాలికి ఏదో తగిలింది. గుడ్డ సంచి. ఆ రోజు గురువారం, స్నానశాలలో మగవాళ్ళ రోజు. సంచిలో మడతపెట్టిన తువ్వాలు, సబ్బు, ఆవిరిలో ఒంటికి తట్టుకునే భూర్జకొమ్మల కట్ట ఉన్నాయి. ఎండినా ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి, వాసన కూడా పోలేదు. మొదళ్ళ దగ్గర కొమ్మల్ని కలిపి ఎర్ర ఉన్ని దారం చుట్టి ఉంది. వేడినీళ్ళలో చేతులు తడిసి ఉన్నా సులువుగా విప్పుకునేలా వేసిన వదులు ముడి.