సామాన్ల గదిలో అమ్మ

"ముందు నీళ్లు పోసుకోని రాపో. ముసిలోళ్ల కంపు కొడుతుండావు."

డ్యూటీ నుంచి అమ్మ ఇంటికి రాగానే నాయన అనే మొదటి మాట ఇది. మడివాళ మార్కెట్ వెనక మాది ఒక్కటే గది. అమ్మ తలుపు దగ్గర చెప్పులు విడిచి, గోడ వారగా, ఎవరికీ తగలకుండా స్నానానికి పోయేది. "ఇంకో నాలుగు చెంబులు ఎక్కువే పోసుకో" అని నానమ్మ మంచం మీద నుంచే గుర్తు చేసేది. ఆ తర్వాత అమ్మ తడి జుట్టుతోనే స్టవ్ వెలిగించేది. ఆమె చేతులు కంపు కొడతాయని అన్నవాళ్లెవరూ ఆ చేతులు వండిన సంగటి వద్దని లేచిపోవడం మాత్రం నేను చూడలేదు.

పదో తరగతి వరకు నేను మడకశిర దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో చదివాను. కరోనాకు బడి మూసేస్తే బెంగళూరు వచ్చాను. రెండో విడత మొదలయ్యేసరికి అమ్మ పనిచేసే వృద్ధుల నర్సింగ్ హోమ్ వాళ్లు, ఆయాలు ఇళ్లకు పోకుండా లోపలే ఉండాలన్నారు. అమ్మ తన బట్టలతో పాటు నా బట్టలు కూడా సంచిలో పెట్టింది. "నువ్వు ఈడుంటే నా పనంతా నీ మీద పడేస్తారు. నాతో రా" అంది. అట్లా సర్జాపుర రోడ్డు మీద, కొత్త అపార్ట్‌మెంట్ల మధ్య ఉన్న ఆ మేడలోకి వచ్చాము. వంటింట్లో కూరగాయలు తరగడం, గిన్నెలు కడగడం నాకిచ్చిన పని. జీతం మాట ఎవరూ ఎత్తలేదు. "తిండీ పడకా ఇస్తున్నాం కదా" అన్నారు. నాకు కొత్తవాళ్లతో మాట్లాడాలంటే బెరుకు. అందుకే తల ఊపాను.

అమ్మకు మేడ మీది హాలు ఇచ్చారు. అక్కడ ఆరుగురు ముసలివాళ్లు, అందరూ ఆడవాళ్లే. అమ్మ ఎట్లా పని చేస్తుందో నేను అక్కడే మొదటిసారి చూశాను. ఆమె హాలు గుమ్మంలో ఒక్క క్షణం ఆగి గాలి పీల్చేది, అంతే. ఎవరి పక్క తడిసిందో, ఎవరిని మార్చాలో ఆమెకు తెలిసిపోయేది. దుప్పటి ఎత్తి చూసేది కాదు, అడిగేది కాదు. నేరుగా ఆ మంచం దగ్గరికి పోయి తెర లాగి, ఏదో కబుర్లు చెబుతూ పని పూర్తి చేసేది. "మార్చాల్నా అని అడిగితే ఆ వయసులో వాళ్లకు చచ్చేంత సిగ్గు పాపా. అడక్కుండానే మార్చాల" అనేది. నాయన కంపు అన్నదాన్ని తెలుసుకోవడమే ఆమెకు పని. ఆమె పక్కన నిలబడి చూసేదాకా నాకా సంగతి తెలియలేదు.

ఆ హాల్లో నేత్రావతమ్మ అని ఒకామె ఉండేది. చిక్కపేటలో బట్టల అంగడి వాళ్లు. నడుము విరిగి మంచం పట్టింది. నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"ఏమప్పా సొన్నమ్మా, నా మొగుడు గూడా నన్ను ఇంత బాగా కనిపెట్టుకోని ఉండలేదప్పా" అనేది.

"ఆయప్పకు తీరికెక్కడిది తల్లీ? అంగట్లోనే కాపురం చేసె గదా" అనేది అమ్మ.

"కరెక్టుగా చెప్పినావు! గుడ్డలు కొలిచి కొలిచి పెండ్లాం మొగం మర్సిపాయె!"

ఆరు మంచాలూ నవ్వేవి. అమ్మ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వేది. మా గదిలో ఆమె అట్లా నవ్వగా నేనెప్పుడూ వినలేదు.

కింది అంతస్తులో చిక్కమునియప్ప తాత ఉండేవాడు. ఆయన పుట్టినరోజని కొడుకు దామోదర్ వైట్‌ఫీల్డ్ నుంచి కేకు తీసుకుని వచ్చాడు. బయటివాళ్లు రాకూడదని గేటు మీద రాసి ఉంది. అయినా ఆయన కారుకు గేటు తెరిచారు. నడవగలిగినవాళ్లను, ఆయాలను భోజనాల గదిలోకి పిలిచారు. ఫోటో కోసం దామోదర్ మాస్కు తీసి, తాత చెంప మీద చెంప ఆనించాడు. మధ్య మధ్య దగ్గుతూ, "ఏసీ పడలేదు" అన్నాడు. అమ్మ కేకు ముక్కలు అందరికీ పంచింది. కొన్నాళ్లకు తాతకు జ్వరం వచ్చింది. పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఆయన తిరిగి రాలేదు.

దామోదర్ ఫోన్ చేసి అరిచాడు. హోమ్ చూసుకునే జెస్సీ మేడమ్ స్పీకర్ పెట్టింది కాబట్టి అందరమూ విన్నాము. "మీ ఆయాలు ఎక్కడెక్కడ తిరిగొచ్చారో కనుక్కోండి మేడమ్. మార్కెట్ ఏరియా నుంచి వచ్చేవాళ్లను పెట్టుకుంటే ఇట్లాగే ఉంటుంది." మార్కెట్ ఏరియా నుంచి వచ్చింది అమ్మ ఒక్కతే. లోపలికి వచ్చాక ఆమె గేటు దాటలేదు. కేకు సంగతి ఆ గదిలో అందరికీ గుర్తుంది. అయినా అందరూ అమ్మ వైపే చూశారు. అమ్మ చేతిలో ఉన్న బకెట్టుతోనే మెట్లెక్కి హాల్లోకి పోయింది. ఆ తర్వాత కింద ఒక్కొక్కరే జ్వరంతో మంచం పట్టడం మొదలైంది. జబ్బు పడ్డవాళ్లను కిందే ఉంచి, మేడ మీది హాలును వేరు చేశారు. జబ్బు ఉన్నవాళ్లను ముట్టుకున్నవాళ్లెవరూ హాలు గడప తొక్కకూడదని జెస్సీ మేడమ్ గట్టిగా చెప్పింది.

ఒకరోజు పొద్దున మేడమ్ కేకలు వినిపించి నేను మెట్లెక్కి వచ్చాను. నేత్రావతమ్మ పక్క నిండా పాడైపోయి ఉంది. ఆమె గోడ వైపు తిరిగి ఏడుస్తోంది. అమ్మ మంచం పక్కనే నిలబడి, "ఇప్పుడే గదా ఇటొచ్చినా... తెలీలేదు మేడమ్" అంటోంది. "ముక్కు ఎక్కడ పెట్టుకున్నావు సొన్నమ్మా!" అంది మేడమ్, కోపంతో, ఏమీ ఆలోచించకుండా. అమ్మ పనంతా చేసి, వరండాలోకి వచ్చి మాస్కులు దించి, ఫినాయిల్ సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ పెట్టుకుంది. నన్ను చూసి మూత బిగించింది. వాసన తెలియకపోవడం దేనికి గుర్తో నేను టీవీలో విన్నాను. అమ్మ కూడా వినే ఉంటుంది.

"మేడమ్‌కు చెబుదాం మా" అన్నాను.

"చెప్తే యాడికి పోవాల పాపా? మీ నాయన ఇంట్లోకి రానిస్తాడా?" అంది. సబ్బు పెట్టి మోచేతుల దాకా చేతులు రుద్దుకుంటూ, "నువ్వు నా దగ్గరికి రావద్దు. ఈ పొద్దు గడవనీ" అంది.

గడవలేదు. మధ్యాహ్నం దుప్పట్లు మోసుకుని పోతూ వరండాలోనే కూలబడింది. ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేశారు, పాజిటివ్. హాల్లో అందరికీ, నాకూ చేశారు, ఎవరికీ లేదు. కింద జబ్బు మొదలైనప్పటి నుంచి మాస్కు మీద మాస్కు పెట్టుకుని, ఆ వేడిలో ముఖానికి గుడ్డ కూడా చుట్టుకుని పని చేస్తుంటే అమ్మను నేనే ఎగతాళి చేశాను. ఆ మాస్కులే ఆ ఆరుగురినీ కాపాడాయి.

ఆసుపత్రుల్లో మంచాలు లేవన్నారు. వరండా చివర డైపర్ల పెట్టెలు, విరిగిన వీల్‌ఛైర్లు పడేసే సామాన్ల గది ఉంది. పెట్టెలు ఒక పక్కకు జరిపి అమ్మకు చాప వేశారు. తిండి గడప బయట పెట్టాలి, ఆమే వచ్చి తీసుకోవాలి. మర్నాడు నేను నాయనకు ఫోన్ చేశాను.

"పాజిటివంటనా?" అన్నాడు. "ఈడికి మాత్రం రావద్దని చెప్పు. మా యమ్మ ముసిల్ది. ఏమన్నా అయితే?"

"అమ్మకు బాగా జ్వరంగా ఉంది నాయనా. చూసేవాళ్లు లేరు."

"అంత పెద్ద నర్సింగ్ హోమ్‌లో చూసేవాళ్లు లేకుంటే మనింట్లో ఉండారా? నువ్వుండావు గదా, నువ్వు మీయమ్మ డ్యూటీ చెయ్యి. లేకుంటే ఆ జాగాలో ఇంకొకర్ని పెట్టుకుంటారు."

ఫోన్ పెట్టేసి తిరిగేసరికి జెస్సీ మేడమ్ నిలబడి ఉంది. అమ్మ పనిలో వేసుకునే నీలం కోటు మడిచి తెచ్చింది. ఆమె కళ్ల కింద మాస్కు కోసుకుపోయి పుండు పడింది. ఆమె చెడ్డది కాదు. మూడు రోజులుగా ఆమె కూడా నిద్రపోలేదు.

"చూడు గీతా, స్టాఫ్ ఎవరూ లేరు. మీ అమ్మ పని నీకు బాగా తెలుసు. ఇది వేసుకో. హాల్లో వాళ్లకి నువ్వే దిక్కు."

కోటు నా చేతుల్లో పెట్టింది. మార్కెట్లో మూటలు మోసే నాయనకు జ్వరం వస్తే ఆయన మూటలు ఎవరూ తెచ్చి నా నెత్తిన పెట్టరు. అమ్మ పడిపోగానే మాత్రం ఆమె పని నా చేతుల్లోకి వచ్చేసింది. ఇద్దరిలో ఎవరూ నన్ను అడగలేదు. నాయన అక్కడి నుంచి, మేడమ్ ఇక్కడి నుంచి, ఒకరికొకరు తెలియకుండానే ఒకే మాట చెప్పారు. "మరి అమ్మని?" అన్నాను. "టైముకు టాబ్లెట్ బయట పెడదాం. వెళ్లు, నేత్రావతమ్మ పిలుస్తోంది" అంది.

నిజమే, పిలుస్తోంది. "సొన్నమ్మా... ఓ సొన్నమ్మా... యాడికి పోతివప్పా..." హాలు గుమ్మం నాకు ఎడమవైపు, సామాన్ల గది కుడివైపు. పొద్దున పెట్టిన ఇడ్లీల పళ్లెం ఆ గడప బయటే ఉంది. చీమలు పట్టాయి. దానికి చేయి చాచినంత దూరంలో అమ్మ నేల మీద బోర్లా పడి ఉంది. చాప మీద నుంచి అంతవరకు పాకి వచ్చి ఆగిపోయింది. చీర తడిసి ఉంది.

నేను కోటును కిటికీ మీద పెట్టాను. గడప దాటాను. అమ్మ చంకల కింద చేతులు వేసి లేపి, ఒళ్లోకి లాక్కున్నాను. ఒళ్లు కాలిపోతోంది. ఆమె తల నా మెడ మీద వాలిపోయింది.

"ఏయ్! ఏం చేస్తున్నావు! ముట్టుకోవద్దు!" మేడమ్ వరండాలోంచి పరుగెత్తుకొచ్చి గడప దగ్గర ఆగిపోయింది. "ముట్టుకున్నావు కదా... ఇంక నిన్ను హాల్లోకి ఎలా రానివ్వాలి? ఆ రూల్ నీకు తెలుసు కదా!"

"తెలుసు మేడమ్" అన్నాను. "నీళ్లు కావాలి. ఇంకో చీర కూడా."

మేడమ్ కళ్లల్లో నీళ్లు చూసి నాకు భయం వేసింది. కానీ అమ్మను వదిలి లేవలేదు. ఆమె వెళ్లిపోయి, బకెట్టు, చీర తెచ్చి గడప లోపల పెట్టింది. ఆ తర్వాత కిటికీ మీది నీలం కోటు తనే తొడుక్కుని హాల్లోకి వెళ్లింది.

నేను తలుపు వేశాను. అమ్మ అడక్కముందే చీర మార్చాను. పెట్టెలోంచి నాలుగు డైపర్లు తీసి తల కింద పెట్టాను. నీళ్లు తాగాక ఆమెకు నేనెవరో తెలిసింది.

"నువ్వెందుకొస్తివే లోపలికి? నీకంటుకుంటే? పోవే... వాళ్లను ఎవురు చూస్తారు? ఆయమ్మ పిలుస్తాంది, వినపడలా?" లేవబోయింది. మోచేతులు నిలవలేదు.

"నిన్నెవురు చూస్తారు మా?" అన్నాను.

అమ్మ కళ్లు పైకెత్తి నా వైపు చూసింది. నాకు అంటకుండా ముఖం గోడ వైపు తిప్పుకుంది. నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది.