పన్ను నొప్పి వేషం

ఆయన భార్యను పొట్టన పెట్టుకున్నది పంటి డాక్టర్లే. పన్ను పీకి నొప్పికని ఇచ్చిన మత్తు మాత్రలకు ఆమె బానిసైందని ఒక్కరూ కనిపెట్టలేదు. ఇప్పుడైనా ఎవరైనా అడుగుతారేమో చూద్దామని, కోడలు దంతవైద్యులకు పెట్టిన శిక్షణలో ఆయన పన్ను నొప్పంటూ ఆ మాత్రలే అడిగే రోగి వేషం కట్టాడు. కొందరు అడగ్గానే మాత్రలు రాసిచ్చారు, కొందరు కసిరి పంపారు.

చివరికి ఒక కుర్ర డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"నొప్పి లేనప్పుడు కూడా అవి వేసుకోవాలనిపిస్తోందా బాబాయ్? తిట్టనులెండి, చెప్పండి. దానికీ వైద్యం ఉంది."

ఆయన మూలుగు మరిచి పకపకా నవ్వాడు. గదంతా నవ్వింది.

"మామయ్యా, వేషం చెడిపోతోంది," అంది కోడలు.

"చెడనీ. ఈ పిల్ల పాసు."

ఇంటిదారిలో కోడలు అత్తయ్య మాటెత్తబోయింది.

"అడగాల్సిన మాట ఒకరు అడిగారు, చాలు," అన్నాడాయన, ముఖంలో నవ్వు ఇంకా చెరగకుండానే. "ఇక ఆ ఊసు నేనెత్తను, నువ్వూ ఎత్తకు."