ఇరవై రెండు తలల కొలతలు

షారోన్ కింద పడిన రోజు ఆమె తలకి హెల్మెట్ ఉంది. ఆ మాట తర్వాత ఎవరూ నమ్మలేదు.

కొత్తగూడ చౌరస్తా దగ్గర, పొద్దున ఏడున్నరకి, ముందు పోతున్న ఆటో ఉన్నపళంగా ఆగింది. షారోన్ బ్రేకు వేసింది. స్కూటీ జారింది. ఆమె నేలకి తగిలేలోపే హెల్మెట్ తల మీంచి ఊడి, డివైడర్ దాకా దొర్లుకుంటూ పోయింది. చెవి పైన తొమ్మిది కుట్లు పడ్డాయి. వెనక కట్టిన పెట్టెలో ఆరుగురి రక్తం శాంపిళ్ళు పగిలిపోయాయి. చుట్టూ మూగినవాళ్ళలో ప్రతి ఒక్కరూ అన్న మాట ఒకటే, "హెల్మెట్ పెట్టుకోవాలి కదమ్మా" అని.

"పెట్టుకున్నానక్కా," అంది షారోన్, ఆస్పత్రి మంచం మీద పడుకుని. "బకిల్ కూడా బిగించాను. అదే ఆగలేదు."

మంచం పక్కన కూర్చున్న సెలీనా ఆ పిల్ల చెయ్యి వదల్లేదు. సెలీనాది రేపల్లె వైపు. నలభై మూడేళ్ళు. కొండాపూర్‌లోని ఒక ల్యాబులో పదహారేళ్ళుగా పనిచేస్తోంది. తెల్లారకముందే బయల్దేరి, ఆఫీసులకి పోయేవాళ్ళ ఫ్లాట్లకి వెళ్ళి, పరగడుపున రక్తం తీసుకుని రావడం ఆమె పని. అలా బండ్ల మీద తిరిగే ఆడవాళ్ళు ల్యాబులో షారోన్‌తో కలిపి ఇరవై ఇద్దరు. అందరిలోకీ పెద్దది సెలీనా. మిగతావాళ్ళకి స్కూటీలుంటే ఆమెకి మోటారు సైకిల్ ఉంది. అది భర్త ఫిలిప్‌ది. అతను జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీకి కంపెనీ బస్సులో పోతాడు కాబట్టి బండి ఆమెకి మిగిలింది.

కట్టు మార్చడానికి వచ్చిన నర్సు వాళ్ళ మాటలు విని, "ఇలా ఊడిపోయినవి వారానికి రెండన్నా చూస్తామండి," అంది. "బకిల్ పెట్టుకుని, వెనక అంచు పట్టుకుని ఎవరినన్నా పైకి, ముందుకి లాగమనండి. వచ్చేసిందా, అది హెల్మెట్ కాదు. టోపీ."

ఆ సాయంత్రం మూసాపేటలో ఇంటికి రాగానే సెలీనా తన హెల్మెట్ పెట్టుకుని, బకిల్ బిగించి, ఫిలిప్ ముందు వెనక్కి తిరిగి నిలబడింది.

"లాగు."

"ఎందుకే?"

"లాగమంటున్నాగా."

ఫిలిప్ లాగాడు. పెద్దగా బలం పెట్టలేదు. హెల్మెట్ అతని చేతిలోకి వచ్చేసింది. లోపలి స్టిక్కర్ మీద అరవై అని ఉంది. అతని సైజు.

"ఐదేళ్ళ నుంచి దీంతోనే తిరుగుతున్నావా?" అన్నాడు అతను, గొంతు తగ్గించి.

"బండి నీదే, ఇదీ నీదే. నాకంటూ ఒకటి కొనాలని మనిద్దరికీ తట్టలేదు."

ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆమె ఐలయ్య కొట్టు దగ్గర బండి ఆపింది. మెట్రో స్తంభాల కింద, మెయిన్ రోడ్డు మీద, కప్పు దాకా హెల్మెట్లు వేలాడే కొట్టు అది. ఐలయ్యకి అరవై దాటాయి. ఆమె నోరు తెరవకముందే గులాబీ రంగుది ఒకటి కిందికి దింపాడు. దాని మీద సీతాకోకచిలుకలున్నాయి.

"లేడీస్‌కు గిదే పోతదమ్మ. తేలిక. జుట్టు ఖరాబ్ కాదు."

"దవడకేం అడ్డం ఉందండీ దీంట్లో?"

"దవడకా?"

"ముందుకి పడితే గెడ్డమేగా తగిలేది. ఇది పెట్టుకుంటే నా గెడ్డం బయటే ఉంటుంది."

ఐలయ్య ఆమెని ఒకసారి చూసి, మొహమంతా కప్పేది తీశాడు. అది తల మీద గిర్రున తిరిగింది. ఇంకోటి నుదుటి మీద ఎర్రగా గీత పెట్టింది. మూడోది కొప్పు దగ్గర ఆగిపోయి దిగనే లేదు. ఆ కొప్పు ల్యాబు పెట్టిన నియమం. నడినెత్తికి కాస్త వెనగ్గా, బిగించి, వల తొడిగి ఉండాలి. సెలీనా అక్కడే నిలబడి పిన్నులన్నీ తీసి, జుట్టు విప్పి, మెడ మీదికి పడేలా ఒంటిజడ అల్లుకుంది. కొట్టులో ఉన్న ఇద్దరు మగవాళ్ళు ఏదో వింత చూసినట్టు చూశారు. ఆమె జడ చివర రబ్బరు వేసేదాకా వాళ్ళ వైపు తిరగలేదు.

"ఇప్పుడు కొలవండి," అంది.

ఐలయ్య గుడ్డ టేపు తీసి, కనుబొమల పైనుంచి తల వెనక ఎత్తు మీదుగా చుట్టాడు. "యాభై ఐదున్నర సెంటీమీటర్లు. నీకు చిన్న సైజు గావాలె. నా తాన లేదు."

"ఎందుకు లేదండీ?"

"అడిగెటోళ్ళు లేరు."

"లేదని మీరే చెప్పి పంపిస్తుంటే, ఇంకోసారి ఎవరు అడుగుతారండీ?"

కంపెనీలు చిన్న సైజులు పంపుతాయి గానీ పువ్వులేసి పంపుతాయని, పువ్వుల్లేనివి కావాలంటే విడిగా తెప్పించాలని ఐలయ్య గొణిగాడు. తెప్పించమంది సెలీనా. బుధవారం రమ్మన్నాడు.

బుధవారం వచ్చినవి మూడు. మొదటిదాని బరువుకి మెడ ముందుకి వంగింది. రెండో దాంట్లో చెవి మడత పడింది. మూడోది నల్లది, పువ్వుల్లేనిది, వెనకాల ఐఎస్ఐ గుర్తున్నది. అది పెట్టుకుంటే రెండు బుగ్గలూ లోపలికి నొక్కుకుని, మాట్లాడుతుంటే పంటి కింద పడేలా ఉన్నాయి.

"బిగుతుగా ఉందండీ."

"నుదురు నొస్తున్నదా?"

"లేదు. బుగ్గలే."

"గట్లయితే మంచిగున్నట్టే. నెల రోజులల్ల ఆ మెత్త నీ బుగ్గకు ఒదుగుతది. ఇయ్యాలే హాయిగుంటే నెలకు వదులైతది. అద్దం ఎత్తి దించు. పక్కకు చూడు. అటు బస్సు కనవడ్తున్నదా?"

"కనబడుతోంది."

అప్పుడు ఐలయ్య తనంతట తనే వెనక్కి వచ్చి, అంచు పట్టుకుని లాగాడు. హెల్మెట్ కదల్లేదు. దానితో పాటు సెలీనా తలా మెడా ముందుకి వంగాయి. ఆమె ఒక అడుగు ముందుకి వేసి నిలదొక్కుకుంది.

"ఇదండీ," అంది లోపల్నించి.

వెళ్ళేముందు ఆ గుడ్డ టేపు ఇస్తారా అని అడిగింది.

"టేపెందుకమ్మ నీకు?"

"మా దగ్గర ఇంకో ఇరవై ఒక్క తలలున్నాయి."

మర్నాడు పొద్దున ఆరింటికి ముందే ల్యాబు వెనక గదిలో ఆడవాళ్ళందరూ సూదులూ ట్యూబులూ పెట్టెల్లో సర్దుకుంటున్నారు. సెలీనా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి టేపు చుట్టింది. ఉమాశ్రీ అనే పిల్ల గ్లౌజుల డబ్బా అట్ట చింపి, పేరూ కొలతా రాసింది.

"అక్కా, నా తల చిన్నగున్నదా పెద్దగున్నదా?" అంది ఉమాశ్రీ తన వంతు వచ్చినప్పుడు.

"నీకెంత కావాలో అంత ఉంది. కదలకు."

పద్దెనిమిది తలలు యాభై నాలుగుకీ యాభై ఆరుకీ మధ్య ఉన్నాయి. యాభై ఎనిమిది వచ్చినవి మూడే. షారోన్ తల మాత్రం కట్టు విప్పాక కొలవాలి. తర్వాత ఒకరి హెల్మెట్లు ఒకరు లాగి చూసుకున్నారు. ఇరవై ఒక్క మందిలో ఊడిపోనివి నాలుగే. నవ్వుతూ మొదలుపెట్టినవాళ్ళు పదోది ఊడేసరికి నవ్వడం మానేశారు.

సోమవారం పార్థసారథి కబురు చెప్పాడు. అతను ల్యాబు ఆపరేషన్స్ మేనేజరు. షారోన్ పడిన సంగతి ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో తిరిగిందట. ల్యాబు తన సిస్టర్లని గాలికి వదిలేసిందని ఎవరో రాశారట. అందుకని రోడ్డు భద్రత వారోత్సవాల్లో అందరికీ కొత్త హెల్మెట్లు ఇస్తున్నారు. శుక్రవారం ల్యాబు ముందు ఫోటో. యజమాని డాక్టర్ సోమేశ్వరరావు గారే వచ్చి ఇస్తారు.

సెలీనా అట్టముక్క తీసుకుని అతని గదికి వెళ్ళింది. బల్ల మీద నమూనా ఒకటుంది. గులాబీ రంగు, సగం హెల్మెట్, ముందు ల్యాబు గుర్తు.

"సార్, ఇవి మా కొలతలు. మొహం కప్పేవి, ఈ సైజుల్లో తెప్పిస్తే..."

"ఆర్డర్ అయిపోయింది సెలీనా గారూ. అన్నీ ఒకటే సైజు. యాభై ఎనిమిది. అడ్జస్ట్ అవుతాయి."

"తల అడ్జస్ట్ అవదు కదండీ."

పార్థసారథి చెడ్డవాడు కాదు. పై వాళ్ళకి ఒకటి చెప్పాక దాన్ని వెనక్కి తీసుకోవడం అతనికి ప్రాణం మీదికి వస్తుంది. "ఫోటో అయ్యేదాకా పెట్టుకోండి చాలు," అన్నాడు. అప్పుడు అతని చూపు ఆమె జడ మీద పడింది. "అదేంటి, కొప్పు ఏది? గ్రూమింగ్ రూల్ ఉంది కదా."

"కొప్పు మీద హెల్మెట్ దిగదండీ. పేషెంటు తలుపు దగ్గర జడ చుట్టి వల పెట్టుకుంటున్నాను. బండి మీద జడే."

"రూల్ అంటే రూల్."

"రాసివ్వండి సార్, హెల్మెట్ సరిగా దిగకపోయినా కొప్పే ఉండాలని. ఇంట్లో దాచుకుంటాను."

అతను రాసివ్వలేదు.

శుక్రవారం పదింటికి అందరూ ల్యాబు ముందు నిలబడ్డారు. పొడుగు బల్ల మీద ఇరవై రెండు గులాబీ హెల్మెట్లు వరసగా పెట్టారు. ఫోటోగ్రాఫర్ వచ్చాడు. షారోన్ కూడా వచ్చింది, చెవి పైన గొరిగిన చోట చున్నీ కప్పుకుని. ప్రతి హెల్మెట్ కిందా ఒక కాగితం ఉంది. "నాకు సరిపోయే నాణ్యమైన హెల్మెట్ అందుకున్నాను" అని రాసి, కింద సంతకానికి గీత.

మొదట పిలిచింది సెలీనానే. ఆమె సోమేశ్వరరావు గారికి నమస్కారం పెట్టి, హెల్మెట్ తీసుకుని, పెట్టుకుని, బకిల్ బిగించింది. ఫోటోగ్రాఫర్ నవ్వమన్నాడు. ఆమె కాగితం చదివి, పెన్ను మూత పెట్టి బల్ల మీద ఉంచేసింది.

"సంతకం పెట్టలేనండీ. ఇందులో సరిపోయే అని రాసుంది. ఇది నాకు సరిపోలేదు."

పార్థసారథి దగ్గరికి వచ్చాడు. "సెలీనా గారూ, ఇప్పుడు కాదు," అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

"మీరే వెనక అంచు పట్టుకుని లాగండి సార్. రాకపోతే సంతకం పెట్టేస్తాను."

అతను కదల్లేదు. పక్కనున్నవాళ్ళెవరూ కదల్లేదు. చివరికి సోమేశ్వరరావు గారు, డెబ్భై దగ్గరపడ్డ మనిషి, రెండు వేళ్ళతో అంచు పట్టుకుని ముందుకి తోశారు. హెల్మెట్ జారి ఆమె ముక్కు మీదికి వచ్చి, ఇంకొంచెం తోసేసరికి కింద పడింది. గచ్చు మీద ఒకసారి ఎగిరి ఆగింది.

సెలీనా వంగి దాన్ని తీసి బల్ల మీద పెట్టింది.

"షారోన్‌ది కూడా ఇలాగే పోయిందండీ. ఆ రోజు ఆ పిల్ల హెల్మెట్ పెట్టుకోలేదని ఊరంతా అంది. రేపు మాలో ఎవరన్నా పడితే, సరిపోయిందని మా సంతకమే చూపిస్తారు. రక్తం తీసేటప్పుడు మనిషిని బట్టి సూది మారుస్తాం. పసిపిల్లకి ఒకటి, పెద్దవాళ్ళకి ఒకటి. తలకి కూడా అంతే కదండీ."

అట్టముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఉమాశ్రీ ముందుకి వచ్చి తన కాగితం ఖాళీగానే బల్ల మీద వదిలేసింది. "నాది యాభై నాలుగు సార్. నాకొద్దు," అంది. షారోన్ చున్నీ తీసేసి, కుట్లు కనిపించేలా నిలబడింది. ఆ తర్వాత ఒక్కొక్కరూ. మొత్తం పదమూడు మంది సంతకం పెట్టలేదు. తొమ్మిది మంది పెట్టి, హెల్మెట్లు తీసుకున్నారు. వాళ్ళని సెలీనా ఆ రోజూ తర్వాతా ఒక్క మాట అనలేదు. ఎవరిళ్ళ కిరాయిలు, ఎవరి పిల్లల చదువులు వాళ్ళకే తెలుసు.

సోమేశ్వరరావు గారు ఫోటో వద్దన్నారు. మెచ్చుకోలేదు. "ఇది లోపల చెప్పాల్సిన మాట," అని సెలీనాని చూసి గట్టిగానే అన్నారు.

"లోపల చెప్పానండీ. సోమవారం చెప్పాను."

ఆయన పార్థసారథి వైపు తిరిగారు. అట్టముక్క జేబులో పెట్టుకుని కారెక్కారు.

పది రోజులకి నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. ఎవరి హెల్మెట్ వాళ్ళు కొట్టులో పెట్టుకు చూసి ఎంచుకోవచ్చు, ఐఎస్ఐ గుర్తు ఉండాలి, ల్యాబు భరిస్తుంది. బండి మీద జడ వేసుకోవచ్చని కూడా కింద ఒక వరస ఉంది. సంతకం పెట్టిన తొమ్మిది మందికీ ఇది వర్తిస్తుందా అని సెలీనా వెళ్ళి అడిగింది. వర్తిస్తుందని రాయించుకునే బయటికి వచ్చింది.

అదే బోర్డు మీద ఇంకో కాగితం కూడా ఉంది. సెలీనాకి కొండాపూర్ రూటు తీసేసి, జీడిమెట్ల ఫ్యాక్టరీల రూటు వేశారు. రోజూ లారీల మధ్య, పొగలో. చాలా ఏళ్ళుగా ఆమె చేతి సూదికే అలవాటుపడ్డ ముసలివాళ్ళు కొండాపూర్‌లో ఉన్నారు. అందుకే ఆ కాగితాన్ని ఆమె మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఉమాశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మా అందరి కోసం మాట్లాడితె నీ ఒక్కదానికే పడ్డది గదక్కా."

"నా తల కోసమే మాట్లాడాను ముందు. నీ రూటు చూసుకో, టైమవుతోంది."

పార్థసారథి వారం రోజులు ఎదురుచూశాడు. పాత రూటు ఇమ్మని ఆమె అడుగుతుందనీ, అడిగితే ఇచ్చేద్దామనీ అనుకున్నాడట. మెట్ల మీద ఎదురైనప్పుడు తనే కదిలించాడు కూడా. "జీడిమెట్ల ఎలా ఉంది సెలీనా గారూ? కష్టంగా ఉంటే చెప్పండి."

"లారీలెక్కువ సార్. అద్దం దించుకుని పోతున్నాను."

శాంపిల్ పెట్టె భుజానికి తగిలించుకుని దిగిపోయింది. రూటు గురించి ఆమె ఇప్పటిదాకా అడగలేదు.