సవారి రాని ఒళ్లు

ఎల్లారెడ్డి బస్సు మా ఊరు తాడ్వాయి మీదుగానే పోతుంది. మా ఊరి స్టేజీ కనపడగానే తల వంచి చెప్పు సర్దుకుంటున్నట్టు నటించాను. ఎవరైనా చూసి ఎక్కడికని అడిగితే చెప్పుకోడానికి నా దగ్గర మాట లేదు. కామారెడ్డిలో టైర్ల షాపు ఉన్నవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, షట్టరు దించేసి గిరగిరా తిరగడం నేర్చుకోడానికి పోతున్నాడంటే ఊరికి ఏడాది పొడుగునా నవ్వుకోడానికి సరిపోతుంది.

అసలు సంగతి ఇది. మా ఊళ్లో పెద్ద పీరును, అంటే పంజా కట్టిన ఆ పొడుగాటి కర్రను, ఎత్తేది మా ఇల్లే. తాత ఎత్తాడు, తర్వాత మా బాపు బాలమల్లు ఎత్తాడు. పీర్ల పండుగనాడు డప్పు మోగి ఊదు పొగ లేచిందంటే చాలు, బాపుకు సవారి వచ్చేది. పీరు ఆయన ఒంటి మీదికి దిగేదన్నమాట. ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడని మనిషి, పీరును ఎత్తుకుని అలావా నిప్పుల గుండం చుట్టూ ఊగుతుంటే ఊరంతా చేతులు జోడించేది. పోయినేడు ఎండాకాలంలో పక్షవాతం వచ్చి ఆయన ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఆ పండుగకు పీరును నా చేతికిచ్చారు.

నాకు ఏమీ రాలేదు. డప్పులు పగిలేలా కొట్టారు. కళ్లు మండేదాకా ఊదు వేశారు. నేను కరెంటు స్తంభంలా నిలబడ్డాను. మా పెద్దబాపు కొడుకు బాలరాజన్న చెవిలో, "కొంచెమన్న ఊగరాదురా, ఇజ్జత్ పోతది" అన్నాడు. ఊగి చూశాను. బస్సులో కునికిపాట్లు పడేవాడిలా ఉన్నానని తర్వాత అందరూ నవ్వారు. బాపు కుర్చీలో కూర్చుని ఇదంతా చూశాడు. పీర్ల కొట్టం చూసుకునే ముజావర్ యాకూబు చిచ్చా, ఆయన భుజం పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

ఆ రోజు నుంచి బాపు నా దగ్గర పీరు మాట ఎత్తలేదు. పెద్దమనుషులు మాత్రం ఎత్తారు. ఈయేడు కూడా సవారి రాకపోతే పీరు బాలరాజన్నకు పోతుందని తేల్చేశారు. పండుగ ఇంకా నెల కూడా లేదు. పీరు మా గడప దాటితే బాపు కూడా దాటిపోతాడని నా భయం. ఆ భయంతో రాత్రిళ్లు నిద్ర లేదు, పగలు షాపులో నట్టు బిగించానో లేదో గుర్తుండడం లేదు.

అలాంటప్పుడు స్కూటీ పంచరు వేయించుకోడానికి వచ్చిన విమలమ్మ ఈ సూఫీ శిబిరం గురించి చెప్పింది. ఆమె నర్సుగా చేసి రిటైరైంది. అక్కడ తిరిగితే ఒళ్లు తెలియకుండా పోతుందట. నాకు కావలసింది అదే కదా.

ఎల్లారెడ్డి దాటాక ఒక మామిడితోట, తోటలో చిన్న దర్గా, పక్కన రేకుల షెడ్డు. శిబిరం నడిపేది హైదరాబాదు నుంచి వచ్చిన జైబున్నీసా ఆపా. గాలి వీస్తే ఎగిరిపోయేంత సన్నటి మనిషి. గొంతు మాత్రం బస్టాండు మైకు.

పొద్దున్నే జిక్ర్. కళ్లు మూసుకుని, ఊపిరితోపాటు 'హూ' అంటూ తల ఊపాలి. అందరూ ఊపుతున్నారు. నేను ఒక కన్ను తెరిచి ఎవరికి వచ్చిందో చూస్తున్నాను. షట్టరుకు తాళం వేశానా? భిక్నూరు లారీ అతనికి టైరు ఎప్పుడిస్తానన్నాను? తల ఊగుతూనే ఉంది, లోపల సంత నడుస్తూనే ఉంది.

తర్వాత తిరగడం. ఎడమ పాదాన్ని మేకులా నేలకు ఆనించి, కుడి పాదంతో తోసుకుంటూ ఉన్నచోటే తిరగాలి. కుడి అరచెయ్యి ఆకాశానికి, ఎడమ అరచెయ్యి భూమికి. పై నుంచి పుచ్చుకున్నది కిందికి ఇచ్చెయ్యాలని, మధ్యలో ఏమీ దాచుకోకూడదని ఆపా చెప్పింది. నేను జోరు పెంచాను. మామిడిచెట్లు, రేకులు, ఆపా అన్నీ కలిసి ఒక్క ముద్దయ్యాయి. బయటికి పరుగెత్తి పొద్దున తిన్న ఉప్మా అంతా కక్కేశాను. రోజంతా చక్రాలు తిప్పి బతికేవాడికి తనే తిరగడం చేతకాలేదు. సిగ్గు కంటే కోపం ఎక్కువగా వచ్చింది.

నేరుగా ఆపా దగ్గరికి పోయి, పండుగ దగ్గర పడిందనీ, నాకు తొందరగా రావాలనీ అడిగేశాను. ఏం రావాలని ఆమె అడిగింది. దాచకుండా మొత్తం చెప్పాను. ఆమె నవ్వలేదు. పడకుండా తిరగడం వరకే తనకు తెలుసని, పీరు ఎలా వస్తుందో తనకు తెలియదని చెప్పింది. సాయంత్రం నన్ను తిరగొద్దంది. వలయం బయట నిలబడి, తూలేవాళ్లను పట్టుకొమ్మంది. క్రికెట్టులో ఆట రానివాడిని బంతులు ఏరడానికి పంపినట్టు అనిపించింది. పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను.

విమలమ్మ కూడా శిబిరానికి వచ్చింది, ఆమెకు మోకాళ్ల నొప్పులు. రెండు చుట్లు తిరిగి తూలింది. పట్టుకున్నాను. మళ్లీ తిరిగింది, మళ్లీ తూలింది, మళ్లీ పట్టుకున్నాను. మూడోసారి మాత్రం తూలలేదు. కొంగు నడుముకు దోపుకుని, కళ్లు సగం మూసుకుని తిరుగుతూనే ఉంది. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. నేను చేతులు చాచి ఆమె చుట్టే కదులుతున్నాను. ఆ కాసేపు నాకు షట్టరు గుర్తురాలేదు.

అయ్యాక ఆమె కూర్చుని నీళ్లు తాగి చెప్పింది.

"పొద్దటి సంది పడ్తనేమో అని ఒకటే బుగులు బిడ్డా. ఎనుక నువ్వున్నవని తెల్సినంక కాళ్లు వాటంతటవే తిరిగినయి."

ఆ మాటతో మా పీర్ల గుండం గుర్తొచ్చింది. చిన్నప్పటి నుంచి బాపు ఊగుతుంటే నేను పీరును, బాపును మాత్రమే చూశాను. వెనక ఒక మనిషి ఉండేవాడు. బాపు నడుముకు కట్టిన పచ్చ దట్టీ కొసను చేతికి చుట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ, గుండం వైపు తూలితే వెనక్కి లాగుతూ యాకూబు చిచ్చా ఉండేవాడు. పోయినేడు ఆయన బాపు కుర్చీ దగ్గరే ఉండిపోయాడు. నా వెనక ఎవరూ లేరు.

చిచ్చాను నా వెనక నిలబెట్టుకుంటే సరిపోతుంది కదా అనిపించింది ముందు. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. అది నన్ను ఆ రాత్రంతా పడుకోనివ్వలేదు. బాపుకు పడిపోయింది ఎడమ చెయ్యి, ఎడమ కాలు. కుడి చెయ్యి బాగానే ఉంది. సవారి పోయిందని ఎవరు చెప్పారు? మాకు మేమే అనుకున్నాం. ఆయన్ని ఒక్క మాట అడిగినవాడు లేడు. అందరికంటే ముందు నేనే అడగలేదు.

శిబిరం ఇంకా ఒక రోజుంది. తెల్లారగానే సంచి సర్దుకున్నాను. ఎక్కడికి, ఎందుకు అని ఆపా అడిగితే చెప్పాను. ఆమె నా చేతుల వైపు చూసింది.

"లాగొద్దు బేటా. పట్టుకోవాలి, అంతే" అంది.

మా ఊళ్లో బస్సు దిగేటప్పుడు ఈసారి తల వంచలేదు. ఇంటికి పోయేసరికి బాపు ముందరింట్లో మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. సంచి కూడా దించకుండా అడిగేశాను.

"బాపూ, ఈయేడు పీరు నువ్వే ఎత్తాలె. నేను ఎనుక పట్టుకుంట."

ఆయన వంకరపోయిన మూతి కదిలింది. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"యాడాది సంది... కూసోబెట్టుడే గని... ఎవ్వడు లేపలేదురా."

కొయ్యకు వేలాడుతున్న పచ్చ దట్టీ తీసి ఆయన నడుముకు కట్టాను. కుడి చేతికి కర్ర ఇచ్చాను. వెనక నిలబడి, దట్టీ కొసను నా చేతికి చుట్టుకుని లేపాను. ఆయన బరువంతా నా ఛాతీ మీదికి వచ్చింది. ఎడమ కాలు ఈడుస్తూ ఒక అడుగు వేశాడు. నేనూ వేశాను. ఇంకో అడుగు వేశాడు.

గడప దగ్గర ఆగి కర్రను పీరులా పైకెత్తాడు. డప్పు లేదు, ఊదు పొగ లేదు. కుడి భుజంలో సన్నటి వణుకు మొదలై మెల్లగా నడుముకు దిగింది. దట్టీలోంచి అది నా చేతికి తెలుస్తోంది. నేను దట్టీని ఇంకో చుట్టు చుట్టుకున్నాను.