బూడిద అతుకు

హరినాథ్ గుండె ఆగిపోయిన రోజు నగరిలో మధ్యాహ్నం నుంచీ కరెంటు లేదు. మరమగ్గాలన్నీ నిలిచిపోవడంతో అతని భార్య ఉదయలక్ష్మి ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది. చీకటి పడ్డాక శవం తలాపున దీపం ఒక్కటే వెలిగింది. ఎదుట నాగరాజు ఇంట్లో మాత్రం లైట్లూ, ఫ్యానూ. ఆ ఇంటికి ఇన్వర్టర్ తయారుచేసి ఇచ్చింది హరినాథే.

సొంత ఇంటికి మొదలుపెట్టిన ఇన్వర్టర్ బల్ల మీద సగంలో ఉంది. పాత బ్యాటరీ, బరువైన ట్రాన్స్‌ఫార్మర్, అల్యూమినియం రేకుకు బిగించిన ట్రాన్సిస్టర్లు. తీగలు కలపడమే మిగిలింది.

పెద్దకర్మ అయింది. కరెంటు పోయినప్పుడల్లా ఆమె చూపు ఎదురింటికే పోయేది. మొగుడి చేతిపని పరాయి ఇంట్లో వెలుగుతుంటే కడుపు రగిలేది.

ఒక సాయంత్రం నాగరాజు భార్య నాగవేణి గడప దగ్గరికి వచ్చింది.

"ఇంత ఉక్కలో ఎట్లుండావక్కా? మా ఇంటికొచ్చి ఫ్యాను కింద కూసో. అన్న చేసిచ్చిందే గదా!"

"ఎవరు చేసిచ్చిందో నాకూ తెలుసులే. మా ఇంట్లో విసనకర్ర ఉండాది."

"మా ఆయన వచ్చి ఆ తీగలు కలిపిస్తానంటాడు..."

"ఏం వద్దు. మీ ఇంటి చెయ్యి దాని మీద పడగూడదు."

మగ్గాల ఇళ్ల ఆడవాళ్లకు పడుగు పోగులు అతకడం ఒకరు నేర్పనక్కర్లేదు. పాత పోగు కొసకు కొత్త పోగు చేర్చి, బూడిద అద్దిన వేళ్లతో ఒక మెలి తిప్పితే, ఎంత లాగినా ఊడదు. ఉదయలక్ష్మి అతుకంటే వీధిలో పేరు. ఏ తీగ దేనికో తెలిసేలా హరినాథ్ రంగు నూలు ముక్కలు కట్టి పెట్టాడు. మర్నాడు ఆమె ఎరుపుకు ఎరుపు, పచ్చకు పచ్చ జత చూసి, బూడిద అద్దుకుని, రాగి కొసలు మెలిపెట్టింది.

స్విచ్ వేసింది. బల్బు వెలిగింది!

ఆమె వాకిట్లోకి పరుగెత్తింది. "నాగవేణీ, ఇటు సూడు! ఇటు సూడవే!"

వెనక చిటపటమంది. కాలిన కంపు కొట్టింది. ఎదురింటి నుంచి నాగరాజు పరుగున వచ్చి బ్యాటరీ తీగ లాగేశాడు.

"అతుకు ఎవరేసినారు వదినా?"

"నేనే."

"బూడిదతోనా?" నవ్వబోయి ఆపుకున్నాడు. "నూలుకైతే బూడిద పట్టు. రాగికి అడ్డం. రవ్వలు లేసి ట్రాన్సిస్టర్లు పోయినాయి. దీనికి టంకం పెట్టాల."

"మీ ఇంటిదానికి పెట్టినాడుగా టంకం. మాకే మిగల్లేదు."

నాగరాజు లాగిన తీగను బల్ల మీద పెట్టాడు. "మాది ముందు ఎందుకు చేసినాడనుకున్నావు? తప్పులన్నీ దాంట్లోనే అయిపోవాలని. 'ఉదయకు చేసేదాంట్లో ఒక్క తప్పు ఉండగూడదప్పా' అన్నాడు వదినా."

అతను ఓదార్పుగానే చెప్పాడు. ఆమె కళ్లు నిండాయి గాని, మంట మాత్రం ఇంకా పైకి లేచింది. ఆ మాట తనతో ఎందుకు అనలేదు? ఇన్నాళ్లూ అదీ ఎదురింట్లోనే ఉండిపోయిందా?

"నువ్వు పో నాగరాజూ. కావాలంటే పిలుస్తాలే."

ట్రాన్సిస్టర్లు మార్చలేదు. తీగలకు టంకం పడలేదు. ఆమె ఇంకా అతణ్ని పిలవలేదు.