మూడు పిడికిళ్ల మట్టి

ఓటికుండల పెంకుల కోసం సముద్రాలు దాటి రానక్కర్లేదు, వాకాడు పక్క ఏ పెరట్లో గీకినా దొరుకుతాయి. కానీ చదువుకున్నవాళ్ల పిచ్చి వేరు. ఎడింబరాలో పురావస్తు పరిశోధన చేస్తున్న ఐలీన్ ఓడెక్కి మద్రాసులో దిగి, ఆరు నెలలు తెలుగు నేర్చుకుని, 1961లో రెండో ఏడు కూడా వాకాడు దగ్గరి సముద్రతీరంలోని ఇసకదిబ్బను తవ్వుతూ ఉంది. రెండువేల ఏళ్ల కిందట అక్కడ మనుషులు బతికారని పెంకులు చెప్పాయి. వాళ్లు తమ చచ్చినవాళ్లను ఎలా పూడ్చారన్నదే ఆమెకు కావాలి. మార్చి ఆఖరులోగా ఆ కాలపు సమాధి ఒక్కటైనా దొరక్కపోతే ఉపకారవేతనం ఆగిపోతుందని ప్రొఫెసరు రాశాడు.

ఫిబ్రవరిలో ఇంకో ఉత్తరం వచ్చింది. అన్న రాశాడు. నాన్న పోయాడని, మట్టి చేసి కూడా మూడు వారాలైందని. ఐలీన్ గుంట గట్టున నిలబడి చదివింది, మడిచి నోట్సు పుస్తకంలో పెట్టింది, దిగి మళ్లీ తాపీ పట్టింది. ఏడుపు రాలేదు. ఎవరికీ చెప్పనూ లేదు. ఆ రోజునుంచి అన్నం రుచి తెలియడం లేదు, ఎండ చుర్రుమన్నా తెలియడం లేదు. కొలతలు మాత్రం ఒక్కటీ తప్పలేదు. మనిషి మొద్దుబారితే చేతులు ఎంత బుద్ధిగా పనిచేస్తాయో.

మార్చి ఇరవైన పొద్దున్నే ఎముకలు బయటపడ్డాయి. ఆరడుగుల లోతున, సరిగ్గా పాతపెంకుల పొరలో, నిండు అస్థిపంజరం. తట్టలు మోసే మాలకొండమ్మ దూరం జరిగి దండం పెట్టుకుంది. ఐలీన్ బొమ్మలు గీసింది, ఫోటోలు తీసింది. చదువు గట్టెక్కింది. అయినా సంతోషమంటూ ఏమీ కలగలేదు.

మేస్త్రీ చోటే సాహెబ్ ఆ పూట తాపీ ముట్టలేదు. ఎముక చుట్టూ ఇసక తీయాలంటే అందరూ అతన్నే పిలుస్తారు, అంత మెత్తని చెయ్యి. అలాంటివాడు బీడీ కూడా ముట్టించకుండా గట్టుమీద కూర్చున్నాడు. ఆమె పిలిచాక దిగివచ్చాడు.

"ఇది మావోళ్లదమ్మా. తల ఉత్తరం, మొగం పడమర. కుడిపక్కకు తిప్పి పండబెట్టినారు. మా ఊళ్లో గోరీలకు గుంటలు తీసేది నేనే, నాకు తెలీదా?"

పాతపెంకుల మధ్య ఉంది కదా అని ఆమె వాదించింది. అతను గుంట గోడ చూపించాడు. పైనుంచి కిందిదాకా ఇసకలో సన్నటి బూడిదరంగు చార. ఏ నూరేళ్ల కిందటో ఎవరో పైనుంచి తవ్వుకుంటూ పాతపొరదాకా దిగి, మనిషిని పడుకోబెట్టి పూడ్చారు. ఇసకలో అలాంటి చార కనిపెట్టడం కష్టమే. కానీ ఐలీన్ దాన్ని పొద్దుననే చూసింది. వాననీళ్ల జాడ అని తనకు తనే సర్దిచెప్పుకుని, గోడ బొమ్మలో గీయకుండా వదిలేసింది.

ఇప్పుడు గీయకపోయినా అడిగేవాళ్లు లేరు. పక్కకు తిప్పి పడుకోబెట్టడం పాతకాలంలోనూ ఉన్నదే. చోటే సాహెబ్ ఎడింబరా వచ్చి సాక్ష్యం చెప్పబోడు.

"ఎముకలు పెట్టెలో పెట్టి మీ దేశం పంపిస్తారా అమ్మా?" అని మాత్రం అడిగాడు.

ఆమె పెన్సిలు తీసి ఆ చార గీసింది, పైనుంచి కిందిదాకా, కొలత తప్పకుండా. రెండేళ్ల కష్టం ఆ ఒక్క గీతతో పోయింది. అదీ ఆమెకు ఎవరి కష్టమో అన్నట్టే ఉంది. పూడ్చేయమంది.

చోటే సాహెబ్ తలకు రుమాలు చుట్టుకుని, పెదవుల్లో ఏదో చదువుకుంటూ మూడు పిడికిళ్ల మట్టి వేశాడు. దగ్గరున్నవాళ్లందరూ మూడేసి పిడికిళ్లు వేశాకే పార పట్టాలి, అది తమ ఆనవాయితీ అన్నాడు. మాలకొండమ్మ భయపడుతూనే వేసింది.

ఐలీన్ ఒకటి వేసింది. రెండోదీ వేసింది. మూడోసారి మట్టి తీసిన చెయ్యి తెరుచుకోలేదు.

"మా నాన్న పోయినాడు," అంది.

కూలీల దగ్గర పట్టుబడిన తెలుగు. ఆ మాట ఆమె ఏ భాషలోనైనా పైకి అనడం అదే మొదలు. ఎప్పుడని మాలకొండమ్మ అడిగింది. జనవరిలో అని చెప్పబోయింది. మోకాళ్లమీద కూలబడి, పిడికిలి గుండెకు అదుముకుని పెద్దగా ఏడ్చింది.

చోటే సాహెబ్ పార పట్టలేదు. ఆ పిడికిలి తెరుచుకునేదాకా పక్కనే నిలబడ్డాడు.