ఓర్పుకు ఉదాహరణ

కంచం విసిరేసిన చప్పుడు కంటే, ఆ తర్వాత అది నేల మీద గిరగిరా తిరిగి ఆగే చప్పుడంటేనే నవతకు హడల్. అది ఆగేలోపే వంగి అందుకోవాలి. లేకపోతే "చెవులు పనిజేస్తలేవా" అన్న మాట కూడా పడుతుంది. ఆ రోజు పొద్దున పప్పులో పులుపు కాస్త ఎక్కువైంది. భర్త రాంచందర్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కంచం గడప దాకా విసిరేసి, చెయ్యి కడుక్కుని ఆఫీసుకు వెళ్లిపోయాడు. అత్త శంకరవ్వ మంచం మీద నుంచే, "వానికి చిన్నప్పటిసంది పులుపు పడది, నీకెర్కలేదా" అంది. నవత మెతుకులు ఎత్తి, గోడ తుడిచి, మరకలు పడ్డ చీర మార్చుకుని, కూతురు సహస్రను తీసుకుని స్కూలు బస్సెక్కింది. ఆమె చెప్పాల్సిన మొదటి పీరియడు, సహస్ర చదివే ఏడో తరగతికి నైతిక విలువలు. పాఠం పేరు ఓర్పు. నవ్వొచ్చింది గానీ నవ్వడానికి కూడా తీరిక లేదు.

మంచిర్యాలలో ఆమె పనిచేసే ప్రైవేటు స్కూల్లో విలువల పీరియడంటే ఎవరికీ లెక్కలేదు. సిలబస్ వెనకబడ్డ ప్రతి టీచరూ దాన్నే అడుక్కునేవాడు. పేరెంట్స్ మీటింగులో మాత్రం కరస్పాండెంట్ సారు దాని గురించే గంటసేపు ఊదరగొట్టేవాడు. "విలువలు లేడీసు చెప్తేనే పిల్లలకు ఎక్కుతయ్ మేడం" అని నవ్వుతూ ఆ పీరియడ్లన్నీ ఆడటీచర్ల నెత్తిన పెట్టింది కూడా ఆయనే. అయినా నవతకు ఆ పీరియడంటే ప్రాణం. ఇంట్లో ఆమె మాటకు ఉప్పుపాటి విలువ కూడా లేదు, ఇక్కడ పిల్లలు నోరు తెరుచుకుని వినేవాళ్లు. పుస్తకంలో రాజుల కథలు ఉండేవి. ఆమె వాటిని పక్కన పెట్టి, "ఉదాహరణ మీ ఇంట్లకెళ్లి తెచ్చుకోవాలె. కండ్లార చూసిందే చెప్పాలె" అనేది. బొగ్గుబావిలో పనిచేసే తండ్రులున్న పిల్లలు, దుబాయిలో తండ్రులున్న పిల్లలు, అందరూ పోటీపడి చెప్పేవాళ్లు. దొరికిన ఫోను మా బాపు తిరిగిచ్చిండని ఒకడు, పక్కింటి ముసలమ్మకు మా అవ్వ రోజూ అన్నం పెడుతుందని ఒకతె. సహస్ర రెండో బెంచీలో కూర్చుని అన్నీ శ్రద్ధగా వినేది. తల్లి చెప్పే పాఠమంటే ఆ పిల్లకు వేదం.

ఏటా ఆ స్కూల్లో మాతృపూజ జరుగుతుంది. తల్లుల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి, పిల్లలు పసుపునీళ్లతో వాళ్ల కాళ్లు కడిగి బొట్టు పెడతారు. దానికి ముందు ఉపన్యాసాల పోటీ. పళ్లేలు తేవడం, నీళ్లు కాచడం, తువ్వాళ్లు ఉతికి మడతపెట్టడం అన్నీ నవత పనులే. ఆ హడావుడిలో, ఏం మాట్లాడతావని సహస్రను అడిగితే, "సర్‌ప్రైజ్ మమ్మీ" అంది ఆ పిల్ల. సరేలే అనుకుంది నవత.

మాతృపూజ రోజు రాంచందర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల్లిని వెంటబెట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. సహస్ర మైకు దగ్గరికి రాగానే వీడియో తీయడానికి ఫోను పైకెత్తాడు.

"ఓర్పుకు ఉదాహరణ మా అమ్మ" అని మొదలుపెట్టింది సహస్ర, తల్లి నేర్పిన పుస్తకపు తెలుగులో. "మా నాన్న కోపంతో కంచం విసిరేస్తే మా అమ్మ ఒక్క మాట కూడా అనదు. మెతుకులు ఏరి, మళ్లీ వేరే కూర వండుతుంది. మా నానమ్మ ఎంత తిట్టినా నవ్వుతూనే ఉంటుంది. ఒకసారి నాన్న చెంప మీద కొడితే, మా అమ్మ మాస్కు పెట్టుకుని స్కూలుకు వచ్చి మాకు పాఠం చెప్పింది. నేను కూడా పెద్దయ్యాక మా అమ్మలాగే అవుతాను."

చేతిలో తువ్వాళ్లతో స్టేజీ పక్కన నిలబడ్డ నవతకు ఒళ్లంతా చల్లబడింది. ఇన్నేళ్లూ పుట్టింటివాళ్లకు కూడా చెప్పకుండా కడుపులో దాచుకున్నది, ఇప్పుడు ఊరందరి ముందు మైకులో మోగింది. భయంభయంగా భర్త వైపు చూసింది.

అతను చప్పట్లు కొడుతున్నాడు. శంకరవ్వ పక్కావిడతో, "నా మన్మరాలు" అని చెప్పుకుంటోంది. తల్లులు కొంగులతో కళ్లొత్తుకుంటున్నారు. కరస్పాండెంట్ సారు మైకందుకుని, ఇదీ మన సంస్కృతి, నవతా మేడం లాంటి తల్లి ఇంటికొకరుంటే చాలు అన్నాడు. మొదటి బహుమతి సహస్రకే వచ్చింది. ఆ పిల్ల చెప్పిన దాంట్లో తప్పేదో ఉన్నట్టు ఒక్కరికీ తోచలేదు. దాచుకున్నన్నాళ్లూ, ఏనాడైనా బయటపడితే ఎవరో ఒకరు అడ్డం పడతారన్న ఆశ తనకు ఉండేదని నవతకు అప్పుడే తెలిసింది. అది కూడా పోయింది.

ఆ తర్వాత ఆమెను కూడా కుర్చీలో కూర్చోబెట్టారు. సహస్ర మోకాళ్ల మీద కూర్చుని పాదాల మీద గోరువెచ్చని నీళ్లు పోస్తూ, "మంచిగ చెప్పిన్నా మమ్మీ?" అని అడిగింది. ఆ మొహంలో కపటం లేదు. కండ్లార చూసిందే చెప్పింది, మేడం చెప్పమన్నట్టే చెప్పింది. "మంచిగ చెప్పినవ్ బిడ్డా" అంది నవత. ఇంకేమనగలదు?

రాంచందర్ ఆ వీడియోను స్టేటస్ పెట్టుకున్నాడు. వేములవాడ నుంచి ఆడబిడ్డ ఫోన్ చేసి, నీ బిడ్డ నీ పేరు నిలబెట్టింది వదినా అని మెచ్చుకుంది. నవత అవునవునంటూ బహుమతి కప్పును ఫ్రిజ్ మీద పెట్టింది.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం మటన్‌లో కారం తక్కువైంది. కంచం ఎగిరి గోడకు కొట్టుకుని, గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. అలవాటు చొప్పున నవత వంగబోయింది. అంతలోనే సహస్ర అన్నం ముందు నుంచి లేచి ఆ తిరుగుతున్న కంచం మీద చెయ్యి వేసింది.

"నువ్వు తిను మమ్మీ, నేను ఎత్తుత. నేను గూడ నేర్చుకోవాలె గద."

రాంచందర్ కోపం మర్చిపోయి నవ్వాడు. శంకరవ్వ, "రేపు అత్తగారింట్ల పేరు తెస్తది పిల్ల" అంది. మెతుకులు ఏరుతున్న ఆ చిన్న వేళ్ల వైపే చూసింది నవత. ఇల్లు వదిలి వెళ్లడానికి ఆమెకు చోటు లేదు. తండ్రి లేడు, అన్నదమ్ములు తలుపు తీస్తారన్న నమ్మకమూ లేదు. ఎదురు మాట్లాడితే ఏం జరుగుతుందో చెంపకు బాగా గుర్తుంది. పిల్ల నేర్చుకున్న పాఠం మాత్రం ఆమెదే. వేరేవాళ్లు వచ్చి దిద్దరు.

వెళ్లి కూతురి చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలోని మెతుకుల్ని మళ్లీ నేల మీదికే దులిపి, పిల్లను తెచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"పారేసినోళ్లే ఎత్తుతరు" అంది.

అన్నది మెల్లగానే. ఆ మాట రాంచందర్‌కు వినపడిందో లేదో గానీ, సహస్రకు వినపడింది.